మైపాడు దారిలో బ్రేకు చప్పుడు

బ్రేకు తొక్కకుండానే ఠక్కున ఆగిపోయింది నా జీవితంలో ఒక్కటే, నా చదువు. ఐదో తరగతి దగ్గర నిలబడింది, నిలబడిందంతే. అయ్యవారు వెనకనుంచి తోశారు, మా నాయన ముందునుంచి లాగాడు, ఇద్దరికీ చెమటలు పట్టాయిగాని అది ఆరో తరగతిలోకి చక్రం పెట్టలేదు. అలాంటివాడు యాత్ర రాయడమేమిటని మీరనుకుంటే తప్పులేదు. కాశీ పోయొచ్చినవాళ్లు కాశీ గురించి రాస్తారు, రామేశ్వరం పోయొచ్చినవాళ్లు రామేశ్వరం గురించి రాస్తారు. నేను రాసేది నెల్లూరు నుంచి మైపాడుకు పోయిరావడం గురించి. గట్టిగా పదిహేను మైళ్లు. చేపలగంపలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు నడిచొచ్చే దారి. ఆ దారిలో తెల్లవారకముందే లేచి బయలుదేరి కూడా నేను సమయానికి చేరలేకపోయాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే మనసు బాగుండదు. ఇందులో నవ్వు పుట్టించే సంగతులు చాలానే ఉన్నాయి. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మేమూ నవ్వాం.

నయాపైసలు వచ్చి కొన్నేళ్లయినా, అంగడిలో ఆడవాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడే రోజులవి. నాకప్పుడు ఒక చిన్న కారు ఉండేది. నా చేతికి వచ్చేటప్పటికే అది ఇద్దరు యజమానుల దగ్గర చాకిరీ చేసింది, ఒకాయన డాక్టరు, ఇంకొకాయన ప్లీడరు. అందుకేనేమో, ఎక్కడ ఆగినా ఏదో ఒకటి వసూలు చేసిగాని కదిలేది కాదు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పడతారు. వెనక కూర్చునే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం ఉంటే మంచిది. దానితో నేను ఆసుపత్రి దగ్గర బాడుగలు తోలేవాణ్ణి.

ఒక సాయంత్రం రమణమ్మ అనే ఆవిడ వచ్చి కారు పక్కన నిలబడింది. నలభై లోపు వయసు, చేతిలో ఖాళీ గంజి గిన్నె.

"అన్నా, రేపు పొద్దున బాడుగ వస్తావా?"

"యాడికి?"

"మైపాడు. ఆసుపత్రిలో ఉండే మా నాయన్ని తీసుకోనిపోయి, సాయంత్రానికి మళ్లా ఇక్కడే దింపాల."

"సముద్రం గాలికా అమ్మా? రోగమొచ్చినోళ్లకి మంచిదంటారులే."

"గాలికి కాదన్నా. పడవకి."

వాళ్ల నాయన పేరు పెంచలయ్య. మైపాడులో పడవలు చెక్కే వడ్రంగి. ఆ ఒడ్డున తిరిగే పెద్ద పడవల్లో సగం ఆయన చేతిలో పుట్టినవేనట. తాటాకు పందిరి కింద రెండు ఎండాకాలాలు కూర్చుని ఇంకో పడవ కట్టాడు. పలకలన్నీ బిగించి, సందులు పూడ్చి, చేపనూనె పూసే వేళకి ఆయాసం పట్టుకుంది. ఆసుపత్రిలో చేర్చారు. ఇక ఉలి పట్టకూడదని డాక్టరు చెప్పేశాడు. అంటే అది ఆయన ఆఖరి పడవ. మర్నాడు పొద్దున దాన్ని నీళ్లలోకి తోస్తున్నారు.

"ఆయన చెయ్యి పడకుండా మా పడవ నీళ్లు తాకేదానికి లేదన్నా. మా తాతలనాటి ఆచారం. అంతకుమించి నన్నేమీ అడగబాక."

అడగలేదు. ఎన్ని గంటలకు ఉండాలో మాత్రం అడిగాను.

"పొద్దున పడమటిగాలి వీచేటప్పుడే తోయాల. సముద్రం గాలి తిరిగిందంటే అల ఎదురు తంతాది, కొత్త పడవ నిలవదు. పది లోపల ఉండాలన్నా. గాలి మన కోసం ఆగదు."

"పదిహేను మైళ్లకి అంత దిగులెందుకమ్మా? ఎనిమిదికల్లా మీ నాయన ఇసకలో కాళ్లు చాపుకోని కూర్చోనుంటాడు."

నేను ఇచ్చిన మాటలన్నిట్లోకీ తేలిగ్గా ఇచ్చింది అదే.

మర్నాడు ఆరు గంటలకి ఆసుపత్రి మెట్ల దగ్గర కారు పెట్టాను. పెంచలయ్యను ఇద్దరు పట్టుకొని దింపుకొచ్చారు. సన్నగా, పొడుగ్గా, గొంగళి కప్పుకొని, ఎండిన సరుగుడు కొమ్మలాగా ఉన్నాడు. చేతులు మాత్రం మనిషికి సంబంధం లేనంత పెద్దవి. నర్సమ్మ వెనకాలే వచ్చి నాకు వేలు చూపించింది. "దీపాలు పెట్టేలోపల మంచం మీద కనబడాల. లేదంటే డాక్టరుగారి ముందు నిన్ను పడుకోబెడతా." సరేనని దండం పెట్టాను. నేను డిక్కీలో పరుపుచుట్ట కుక్కుతుండగానే ముసలాయన నా సీటు వెనక తన చోటు తాను సర్దుకున్నాడు. రమణమ్మ ఆయన పక్కన, ఇత్తడి చెంబు కాళ్ల దగ్గర. బయలుదేరాం.

మీరు పోదలుచుకుంటే ఈ దారిన పొద్దున్నే పోవాలి. రెండుపక్కలా వరి, మధ్యలో మట్టిరోడ్డు, మంచు ఇంకా గట్ల మీద ఉంటుంది. రోడ్డుకు గుంటలు లేవని చెప్పను, కాని గుంటలకీ గుంటలకీ మధ్య రోడ్డు బాగుంటుంది. ఊరు దాటి ఒక మైలు పోయాక గేదెలు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాను.

కిర్ర్... టక్.

నా కాళ్ల కిందనే. గేదెలు పోయినాయి, కదిలాం. మళ్లీ ఒక కల్వర్టు దగ్గర తొక్కాను. కిర్ర్... టక్. ఎవరో లోపల కూర్చుని తలుపు మెల్లగా తెరిచి, గట్టిగా వేసినట్టు.

"ఏంది అబ్బయ్యా ఆ చప్పుడు?" అన్నాడు వెనకనుంచి పెంచలయ్య.

"బ్రేకు పెద్దాయనా. తొక్కబాక నాయనా అని మొరపెట్టుకుంటుండాది."

రమణమ్మ నవ్వింది. ముసలాయన కూడా నవ్వి, ఆ నవ్వుకే దగ్గాడు. నాకు మాత్రం నవ్వు పైపైనే ఉంది. కారును పక్కకి తీసి ఆపాను. ఇలాంటి చప్పుడు వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని ఒకటుంది, చేతులు కాల్చుకొని నేర్చుకున్నది, ఊరికే చెబుతున్నాను తీసుకోండి. బండి నిలబడి ఉండగా బ్రేకు పెడలు తొక్కి చూడాలి. అప్పుడూ చప్పుడు వస్తే రోగం పెడల్లోనే ఉంది. దాని కీలో, స్ప్రింగో ఎండిపోయి ఉంటుంది, రెండు చుక్కలు నూనె వేస్తే పోతుంది. నిలబడినప్పుడు రాకుండా, కదిలేటప్పుడు తొక్కితేనే వస్తే రోగం చక్రాల్లో ఉంది. అది నూనెతో పోయేది కాదు.

నిలబెట్టి పదిసార్లు తొక్కాను. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. కదిలించి తొక్కాను. కిర్ర్... టక్.

సామానేమోనని అనుమానం నాకూ వచ్చింది, రాలేదనుకోకండి. ఇత్తడి చెంబు తీసి రమణమ్మ ఒళ్లో పెట్టాను. "ఇంకేమన్నా ఉందామ్మా లోపల?" అన్నాను. ఆమె తండ్రి వైపు ఒకసారి చూసింది. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. "ఇంకేం లేదన్నా," అంది. కదిలాం, తొక్కాను. చెంబు లేకపోయినా చప్పుడు ఉంది.

బానెట్టు ఎత్తి చూస్తుంటే ఎడ్లు తోలుకొని పోతున్న ఒక రైతు ఆగాడు.

"ఎద్దు కుంటితే గిట్ట ఎత్తి చూస్తాం. నువ్వేంది సామీ, మూతి ఎత్తి చూస్తుండావు?"

"దీనికి రోగం ఎక్కడున్నా ముందు మూతే చూడాలన్నా."

"ఏమన్నా దొరికిందా?"

"ఇంజను దొరికింది."

"ఆఁ, అది ఉంటే చాల్లే, పోతావు," అని ఆశీర్వదించి వెళ్లిపోయాడు.

ఇందుకూరుపేట చేరేసరికి ఏడున్నర. అక్కడ పాకహోటల్లో పులిబొంగరాలు వేడివేడిగా వేస్తారు, కారం పచ్చడితో తినండి, కాఫీ మాత్రం ఆశించకండి. పెంచలయ్య సగం పులిబొంగరం తిని చాలన్నాడు. నేను తింటున్నానన్న మాటేగాని నోట్లో రుచి లేదు. ముందు దారిలో పెద్ద కాలువ, దాని మీద ఇరుకు వంతెన ఉంది. ఎక్కడం ఎంత నిటారుగా ఉంటుందో దిగడం అంతే నిటారు. పక్కన పిట్టగోడ లేదు. దిగే చోట వలలు ఎండేసుకుంటూ పిల్లాజెల్లా కూర్చుని ఉంటారు. అక్కడ చక్రంలో ఏదన్నా విరిగితే, వెనక కూర్చున్నది గట్టిగా ఊపిరి తీసుకోలేని మనిషి.

ఆ మాటే చెప్పాను. రమణమ్మ ఒప్పుకోలేదు.

"మెల్లగా పోదామన్నా. బ్రేకు పడతానే ఉండాది గదా."

"ఇప్పుడు పడతాంది. అది ఎందుకు అరుస్తుందో తెలిస్తే గదమ్మా, ఎప్పటిదాకా పడుతుందో చెప్పేదానికి."

ఇద్దరం ముసలాయన వైపు చూశాం. ఆయన చెయ్యి కడుక్కొని తీరిగ్గా గొంగళికి తుడుచుకున్నాడు.

"పనిముట్టు మీద అనుమానం ఉన్నప్పుడు దాన్ని చెక్క మీద పెట్టకూడదు. చూపించు అబ్బయ్యా. పొద్దు ఇంకా ఉండాది గదా."

ఊళ్లో కారు బాగుచేసేవాళ్లు ఎవరూ లేరు. రైసుమిల్లులో ఆయిలింజను మేస్త్రీ ఖాదర్ ఉన్నాడు. ఇంజను అనే పేరున్న దేన్నయినా విప్పుతాడు, మళ్లీ బిగించినప్పుడు ఏమీ మిగలకపోతే చిన్నబుచ్చుకుంటాడు. సంగతి విని, చేతిలో ఉన్న బీడీ పారేసి, మిల్లు అరుగు మీద నులకమంచం వేయించాడు. "పెద్దాయన్ని కూర్చోబెట్టు. సామానంతా దించు. బండి నా చేతిలోకి వచ్చిందంటే పురుడు పోసుకున్నట్టే," అన్నాడు.

పెంచలయ్య గొంగళి ఒంటికి చుట్టుకొని, రెండు చేతులూ లోపల పెట్టుకొని, వంగి దిగాడు. మేం జాకీ ఎత్తాం. ఒక్కో చక్రం ఊడదీశాం. లోపల బ్రేకు లైనింగు నున్నగా మెరుస్తోంది, దుమ్ము గడ్డకట్టి ఉంది. "ఇదిగో నీ దొంగ!" అన్నాడు ఖాదర్. గరుకు కాగితంతో రుద్దాం, తుడిచాం, ఊదాం, బిగించాం. ఖాళీ కారులో నేనూ ఖాదరూ ఎక్కి మిల్లు చుట్టూ తిరిగాం. తొక్కాను. చప్పుడు లేదు. గట్టిగా తొక్కాను. లేదు.

"చూసినావా? నా చెయ్యి పడితే వాగే నోరు కూడా మూసుకుంటాది," అన్నాడు ఖాదర్. "మా ఇంట్లో తప్ప."

సంతోషంగా అందరం ఎక్కాం. మిల్లు గేటు దగ్గర బస్సు ఎదురొచ్చింది. తొక్కాను.

కిర్ర్... టక్.

ఖాదర్ ముఖం చూడాల్సిందే. పొట్టు ఊదే మిషన్లో తల పెట్టినట్టు అయిపోయాడు. బస్సు కండక్టరు తలుపులోంచి వంగి, "ఏం మేస్త్రీ, కొత్త హారను పెట్టినావా?" అని అరిచి పోయాడు.

మళ్లీ అందరూ దిగడం. మళ్లీ మేమిద్దరం ఎక్కి చూడడం. చప్పుడు లేదు. రమణమ్మను ఒక్కదాన్నే ఎక్కించి చూశాం. లేదు. ముసలాయన్ని ఎక్కించాం. గొంగళి సర్దుకొని, వంగి, కూర్చున్నాడు. పది గజాలు పోయి తొక్కాను. వచ్చింది.

"పెద్దాయనా," అన్నాను, "ఇది నిన్ను చూసి సిగ్గుపడతాంది. కోడలు మామని చూసినట్టు."

మిల్లులో ఉన్న కూలీలంతా నవ్వారు. పెంచలయ్య ఎంత నవ్వాడంటే, రమణమ్మ లేచి ఆయన వీపు నిమరాల్సి వచ్చింది. "నేనింత బరువుగా ఉండానా అబ్బయ్యా? ఆసుపత్రి త్రాసులో పెడితే ముల్లే కదల్లేదు," అన్నాడు.

ఖాదర్ మాత్రం నవ్వలేదు. బరువు కుడివైపు వెనక పడితేనే చప్పుడు వస్తోంది గనక, స్ప్రింగు పట్టీ కుంగి బ్రేకు కడ్డీకి తగులుతోందని తేల్చాడు. మాట పొందికగానే ఉంది, నేను కాదనలేకపోయాను. ఇంజను మేస్త్రీ కారు కింద దూరాడు. కడ్డీని కొంచెం వంచాడు, తీగతో కట్టాడు. చూశాం. చప్పుడు ఉంది. తీగ విప్పి తోలుముక్క పెట్టి కట్టాడు. చూశాం. ఉంది.

ఇంతసేపూ రమణమ్మ రోడ్డు మీద నిలబడి ఉంది. ఆమె మమ్మల్ని చూడడం లేదు. ఎదురుగా ఉన్న తాడిచెట్లను చూస్తోంది. మేం వచ్చినప్పుడు ఆ తాటాకులన్నీ తూర్పుకు వాలి ఊగుతున్నాయి. ఇప్పుడు కిందకి వేలాడుతూ కదలకుండా ఉన్నాయి.

"అన్నా," అంది. "గాలి నిలబడింది."

ఖాదర్ కారు కిందనుంచి బయటికి వచ్చాడు. పెంచలయ్య మంచం మీదనుంచి తనంతట తానే లేచాడు.

"ఇంక చాలు. ఎట్టుంటే అట్టే పోదాం పదండి."

మొదటి గేరులో, ఎద్దులబండి దాటిపోయేంత నెమ్మదిగా పోయాం. వంతెన ఎక్కాం. దిగుడులో నేను రెండు కాళ్లూ బ్రేకు మీద పెట్టినంత పని చేశాను. కిర్ర్... టక్. కారు మంచిపిల్లలాగా ఆగింది. వలల దగ్గర కూర్చున్న ఆడమనిషి తల కూడా ఎత్తలేదు. అంత చక్కగా ఆగినందుకు ఆ కారు మీద నాకు వచ్చిన కోపం, ఎప్పుడూ ఏ బండి మీదా రాలేదు.

మైపాడులో కారు ఇసక మొదలయ్యే చోట ఆపాలి, ముందుకు పోతే దిగబడుతుంది. చెప్పులు చేతిలో పట్టుకొని నడవాలి. నేనూ రమణమ్మా చెరో రెక్క పట్టుకొని పెంచలయ్యను నడిపించాం. ముఖాలకి సముద్రం గాలి ఎదురు కొడుతోంది. డప్పుల వాళ్లు సరుగుడు నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నారు. తాటాకు పందిరి ఖాళీగా ఉంది. పందిరి దగ్గరనుంచి నీళ్లదాకా ఇసకలో ఒక లోతైన గాడి, దాని మీద పసుపూ పూలూ, కొబ్బరిచిప్పలూ. అలలకు అవతల, ఎండలో, ఒక తెరచాప.

పెద్దకాపు పోలయ్య పరిగెత్తుకొచ్చాడు. ఆ పల్లెకి ఆయన మాటే శాసనం. అలాంటివాడు వచ్చి పెంచలయ్య ముందు పిల్లాడిలాగా నిలబడ్డాడు.

"మామా, పట్టుకోవాల్సినంతసేపు పట్టుకున్నాం. అందరూ తాళ్లు పట్టుకోని దారి చూసినారు. గాలి తిరగబోతుండాదని తెలిసినాక ఇంక ఏం చేసేది? మీ తమ్ముడి కొడుకు చేత కొట్టించి తోసేసినాం."

"ఏ కొయ్యతో కొట్టించినావు?"

"తుమ్మ కొయ్య. అప్పటికప్పుడు చెక్కినాం."

పెంచలయ్య కాసేపు తెరచాపను చూశాడు. "నీళ్లు పట్టిందా?"

"చుక్క రాలేదు మామా. బాతులాగా కూర్చుంది."

"వాలు?"

"వాలు లేదు. నిట్టనిలువు."

"అయితే సరే," అన్నాడు. అని ఇసకలో కూర్చున్నాడు.

అప్పుడు పోలయ్య నాకు విడమరిచి చెప్పాడు. పెంచలయ్య వాళ్ల ఇంట్లో పడవ కట్టినవాడే దాని ముక్కు దగ్గర ఆఖరి కొయ్యచీల తన చేత్తో కొడతాడట. ఆ చీలను పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో దాస్తాడు. కొట్టేదాకా దాన్ని నేల తాకనియ్యరు, ఎవరికీ చూపరు, దాని మాట నోటితో అనరు. ఇప్పుడిక దాచేది ఏముంది? పెంచలయ్య గొంగళి పక్కకి తీశాడు. ఒళ్లో మూరెడు పొడుగున్న చెక్కపెట్టె. నా సీటు కింద తువ్వాలు మడిచి, దాని మీద పెట్టుకొని వచ్చినట్టున్నాడు. దిగినప్పుడల్లా గొంగళి కింద తనతోనే దింపుకున్నాడు, ఎక్కినప్పుడల్లా మళ్లీ పెట్టుకున్నాడు. మూత తీశాడు. లోపల పసుపుగుడ్డలో చీల అలాగే ఉంది. దాన్ని కొట్టే చిన్న కొయ్యసుత్తి మాత్రం చుట్టిన గుడ్డలోంచి జారిపోయి ఊరికే దొర్లుతోంది.

ఆయన మూత వేసి, పెట్టెను కూతురి చేతికి ఇవ్వబోయి ముందుకు వంచాడు.

కిర్ర్... టక్.

ఆయన చెయ్యి ఆగిపోయింది. పెట్టెను వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ ఒకసారి, చాలా నెమ్మదిగా, ముందుకు వంచాడు. అది మళ్లీ పలికింది. రమణమ్మ సముద్రం వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది, ఆమె వినలేదు. నేను విన్నాను. వింటున్నానని ఆయన చూసేలోపల ఏదో ఒకటి మాట్లాడాలి. మాట్లాడడం ఒక్కటే గదా నాకు వచ్చింది.

"పెద్దాయనా, చెప్పేది మరిచిపోయినా!" అని గట్టిగా అరిచాను. "దొంగ దొరికినాడు. పెడలు కింద స్ప్రింగు. తుప్పు పట్టి వేలాడతాంది, పాపిష్టిది. ఇప్పుడే కారాపి పీకి కాలవలో పారేసినా."

కాలవ దాటి మైలున్నర వచ్చేశాం. ఆ సంగతి అన్నాకగాని నాకు తోచలేదు. పెంచలయ్య తలెత్తి నన్ను చూశాడు. పోలయ్యకు మాత్రం కోపం తీర్చుకోవడానికి మనిషి దొరికాడు.

"నీ కారుకి నాలుగు బ్రేకులుండి ఏం లాభమయ్యా? మా పడవకి ఒక్క బ్రేకు లేదు, చెప్పిన టయానికి పోయింది."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. "ఈసారి పీతని ఎక్కిరా సామీ, బిరీన చేరతావు," అన్నాడు ఒకడు. నిజంగానే బాగుంది ఆ మాట. మామూలు రోజయితే దానికి దీటుగా నాలుగు వడ్డించేవాణ్ణి. ఆ రోజు తలవంచుకొని అన్నీ వేయించుకున్నాను.

మధ్యాహ్నం పోలయ్య ఇంట్లో అన్నం పెట్టారు. మైపాడు పోయి చేపలపులుసు తినకుండా రాకండి. మామిడికాయ వేసి కుండలో కాస్తారు, పొద్దున కాచింది మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది. పెంచలయ్య గంజి మాత్రం తాగి మళ్లీ ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. పడవ సాయంత్రానికి తిరిగి వస్తుంది, అప్పుడు ఆ చీల కొట్టవచ్చు గదా అన్నాడు పోలయ్య. "నీళ్లు తాకినాక ఎందుకు రా?" అన్నాడు ఆయన. అయినా కూర్చున్నాడు. కొట్టడానికి కాదు, చూడడానికి. నేను తాటాకు ఒకటి తెచ్చి ఆయన నెత్తిమీద నీడ పట్టాను. తెరచాప ఒకసారి దగ్గరయినట్టు ఉంటుంది, మళ్లీ సన్నగా అయిపోతుంది. "ముక్కు ఇంకొక బెత్తెడు ఎత్తుంటే బాగుండేది," అన్నాడు ఒకసారి. తర్వాత చాలాసేపటికి, "లేదులే, బాగానే ఉండాది," అన్నాడు.

పొద్దు వాలింది. పడవ ఇంకా రాలేదు. దీపాలు పెట్టేలోపల ఆయన్ని మంచం మీద చూపించాలి. ఇంకాసేపు ఉందామని ఆయన అనలేదు, అంటే నేను ఉండేవాణ్ణి. నర్సమ్మ ఏం చేస్తే అది చేయనీ అని. లేచి కారు దగ్గరికి వచ్చాం.

తిరుగుదారిలో వంతెన ఎక్కి దిగేటప్పుడు బ్రేకు తొక్కాను. చప్పుడు లేదు. అద్దంలోకి చూశాను. పెట్టె ఆయన ఒళ్లో ఉంది, మూత తెరిచి ఉంది. ఆయన పెద్ద చెయ్యి లోపల సుత్తిని కదలకుండా పట్టుకొని ఉంది. ఇందుకూరుపేటలో ఖాదర్ మిల్లు బయటికి వచ్చి చెయ్యి ఊపాడు, ఏమయిందని సైగ చేశాడు. బాగయిందని సైగ చేశాను. అతను తన తోలుముక్క వైపే గొప్పగా వేలు చూపించుకున్నాడు. ఆ ఆనందం అతనికి ఉండనీ అనుకున్నాను.

"స్ప్రింగు తీసేసినాక ఎంత నెమ్మదిగా ఉందో చూడన్నా," అంది రమణమ్మ. "పొద్దున్నే తెలిసుంటే ఎంత బాగుండేది."

"తెలిసుంటే బాగుండేదమ్మా," అన్నాను.

మైపాడు మంచి ఊరు. పోయి రండి. బస్సు ఉంది, బస్సులోనే పోండి. అలలు పెద్దవి, ఇసక శుభ్రం, మనుషులు నోరు దురుసుగాని మనసు మెత్తన. పొద్దున పడమటిగాలి ఉన్నప్పుడు ఒడ్డున నిలబడితే పడవలు ఒకటి వెనక ఒకటి పోవడం కనిపిస్తుంది, దానికి మించి చూడాల్సింది ఏమీ లేదు. మేం చూడలేకపోయింది అదే. ఎవరిది తప్పు అని చాలాసార్లు ఆలోచించాను. వంతెన ముందు ఆగడం తప్పు కాదు. చక్రాలు విప్పడం తప్పు కాదు. ఆచారం ప్రకారం నోరు మూసుకోవడం తప్పు కాదు. తప్పు ఎవరి దగ్గరా దొరకదు, పడవ మాత్రం మేం చేరకముందే పోయింది. ఎవరినన్నా ఒకర్ని తిట్టుకోవడానికి ఉంటే ఇంత బాధ ఉండేది కాదనుకుంటాను.

ఆసుపత్రి దగ్గర ఆగేసరికి వరండాలో ఇంకా దీపాలు పెట్టలేదు. రమణమ్మ నర్సమ్మను పిలవడానికి లోపలికి పోయింది. నేను తలుపు తీసి పెంచలయ్యకు చెయ్యి అందించాను. మాటలు లేకుండా దింపడం నాకు చేతకాలేదు.

"చూసినావా పెద్దాయనా, వచ్చేటప్పుడు నా బ్రేకు ఒక్క కూత కుయ్యలేదు. నా రిపేరంటే ఏమనుకున్నావు?"

ఆయన నా భుజం పట్టుకొని దిగాడు, ఊపిరి కుదురుకునేదాకా అలాగే పట్టుకొని నిలబడ్డాడు. తర్వాత అన్నాడు:

"నీకు బ్రేకు బాగుచేయడం రాదు అబ్బయ్యా. అబద్ధం చెప్పడమూ రాదు."